గుంటూరు చర్చిలో నజరేతు గిటారు

గుంటూరులో మా చర్చి క్వయర్‌కు ఆ గిటారు 1960ల చివర్లో వచ్చింది. మిషన్ కాలేజీలో పాఠాలు చెప్పి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక అమెరికన్ అధ్యాపకుడు దాన్ని మా క్వయర్ మాస్టారికి ఇచ్చి వెళ్ళారు. నేను హైస్కూల్లో చేరాక మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మధ్యనున్న గుండ్రటి రంధ్రంలోంచి తొంగిచూస్తే లోపలి చెక్క మీద అచ్చొత్తిన అక్షరాలు కనిపించేవి: సి.ఎఫ్. మార్టిన్ అండ్ కంపెనీ, నజరెత్, పెన్సిల్వేనియా. ఏసు పెరిగిన ఊరి పేరు గిటారు కడుపులో ఉందని సండే స్కూలు పిల్లలు ఒకరి వెనక ఒకరు వరస కట్టి చూసేవాళ్ళు. 1842లో గుంటూరుకు వచ్చి మా లూథరన్ మిషన్‌కు పునాది వేసిన ఫాదర్ హయ్యర్‌ను పంపింది కూడా పెన్సిల్వేనియా సంఘమే. అంతకు మూడేళ్ళ ముందే, 1839లో, మార్టిన్ కుటుంబం న్యూయార్క్ వదిలి ఆ నజరెత్‌లో స్థిరపడింది. అలా మాకు చదువూ పాటా ఒకే దిక్కు నుంచి వచ్చాయి.

అది 00-18 రకం. 1950ల నాటిది. పైపలక స్ప్రూస్, పక్కలూ వీపూ మహాగని, వేళ్ళు ఆడే పలకా, తీగలు కట్టే బ్రిడ్జీ బ్రెజిల్ రోజ్‌వుడ్. మా మాస్టారు దాన్ని ఇరవయ్యేళ్ళకు పైగా వాయించారు. ఆదివారం ఆరాధనలు, పెళ్ళిళ్ళు, సమాధి కార్యక్రమాలు, క్రిస్మస్ రాత్రి ఇంటింటికీ తిరిగే కేరల్స్, అన్నిటికీ అదే గిటారు.

ఎవరు ఏం వాయించారో పాత గిటారు ఒళ్ళే చెబుతుంది. మా గిటారులో మొదటి మూడు ఫ్రెట్లు, సన్న తీగల కింద, గాడులు పడిపోయాయి. ఫ్రెట్ల మధ్య నల్లటి పలక మీద గోళ్ళు తగిలి చిన్న చిన్న గుంటలు పడ్డాయి. ఐదో ఫ్రెట్ దాటితే అన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. జి, సి, డి కార్డులతో కీర్తనలు పాడించిన మనిషి చేతి గుర్తులవి. రంధ్రం పక్కన అంటించిన సెల్యులాయిడ్ రేకు ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోయి అంచులు పైకి లేచాయి. ఆ రేకును ఆ రోజుల్లో వార్నిష్ లేని పచ్చి చెక్క మీద అంటించేవాళ్ళు. రేకు ముడుచుకున్నప్పుడు పల్చటి స్ప్రూస్‌ను కూడా తనతో లాగుతుంది. దాంతో రేకు అంచు వెంట పైపలక సన్నగా చీలింది. ఆ కాలపు మార్టిన్ గిటార్లలో తరచూ కనిపించే చీలిక ఇది.

అసలు దెబ్బ ఎండాకాలంలో తగిలింది. ఉక్కు తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు వాటి లాగుడు సుమారు 70 కిలోలు. ఆ భారమంతా పడేది అరచేయంత బ్రిడ్జి మీద. దాన్ని పట్టి ఉంచేది పల్చటి జిగురు పొర. మా గిటారు ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింద, క్వయర్ గదిలో, తీగలు బిగించే ఉండేది. ఒక ఆదివారం పొద్దున మాస్టారు పెట్టె తెరిచేసరికి బ్రిడ్జి వెనక అంచు లేచి, కాగితం దూరేంత సందు పడింది.

దగ్గర్లోని వడ్రంగిని పిలిచారు. అతను మంచి పనివాడు, చర్చి బల్లలన్నీ అతను చేసినవే. బ్రిడ్జి కింద అరల్‌డైట్ జిగురు నింపి, మళ్ళీ లేవకూడదని రెండు బోల్టులు దించి లోపల నట్లు బిగించాడు. గిటారు మళ్ళీ మోగింది. కానీ గొంతు మారింది. మంద్ర తీగల నాదం పొట్టిదైపోయింది. తర్వాతి ఏళ్ళలో బ్రిడ్జి వెనక పైపలక ఉబ్బింది, మెడ ముందుకు వాలింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు ఉండాల్సిన ఎడం ఐదు దాటింది. కొత్తగా చేరిన పిల్లలు వేళ్ళు కోసుకుపోతున్నాయని దాన్ని ముట్టడం మానేశారు.

మాస్టారు పోయాక, 1990ల చివర్లో, సంఘం దాన్ని బాగుచేయించే పని నాకు అప్పగించింది. చెన్నైలో కోడంబాక్కం స్టూడియోల వాద్యాలు రిపేరు చేసిన ఒక పెద్దాయన ఉన్నారని తెలిసి తీసుకెళ్ళాను. నెల్లూరు వైపు నుంచి చిన్నప్పుడే మద్రాసు చేరిన మనిషి. గిటారును ఒళ్ళో పెట్టుకుని, పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం రంధ్రంలోకి దించి, టార్చి వేసి చాలాసేపు చూశారు. తర్వాత ఒక స్టీలు స్కేలు ఫ్రెట్ల మీద పొడుగ్గా ఆనించారు. మెడ సరిగా ఉంటే స్కేలు కొస బ్రిడ్జి పైఅంచును తాకాలి. మాది బ్రిడ్జి నడుముకు కొట్టుకుంది.

“మెడ వాలడం వయసు గుణం అబ్బయా, దానికి మందుంది. ఈ అరల్‌డైట్ ఉండాదే, ఇదే పెద్ద పని. మళ్ళా ఎప్పుడైనా ఇప్పాల్సొస్తాదని ఆలోచించలా వాళ్ళు” అన్నారు.

పని జరుగుతున్నప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. మొదట మెడ విప్పారు. పదిహేనో ఫ్రెట్ పీకి, దాని గాడిలోంచి కిందికి సూదంత రంధ్రం వేశారు. దాని కింద మెడకూ పెట్టెకూ మధ్య కుసుళ్ళ కీలు ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ మీది బరువు తీసి, ఆవిరి వచ్చేచోట రబ్బరు గొట్టం తొడిగి, దాని కొసకు ఫుట్‌బాల్‌లో గాలి కొట్టే సూది బిగించి ఆ రంధ్రంలో పెట్టారు. చుట్టూ తడిగుడ్డలు. కాసేపటికి కీలు సందుల్లోంచి బెల్లం పాకంలా జిగురు కారడం మొదలైంది, పశువుల కొట్టం వాసనతో. పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసే ఆ జిగురును మన పాత వడ్రంగులు వజ్రం అనేవాళ్ళు. ఆయన మెడను మెల్లగా అటూ ఇటూ ఊపి పైకి ఎత్తారు. చిన్న పెచ్చు కూడా లేవకుండా ఊడివచ్చింది. నజరెత్‌లో ఎవరో కూర్చిన కీలు నలభై ఏళ్ళ తర్వాత మా ముందు, నిన్ననే కోసినట్టు, శుభ్రంగా ఉంది.

బ్రిడ్జి దగ్గర అలా జరగలేదు. వజ్రం అరవై డిగ్రీల వేడికి, కాస్త తడికి లొంగుతుంది. అరల్‌డైట్‌కు తడి అంటదు, వేడి ఎక్కువ కావాలి. ఇస్త్రీ పెట్టెతో కాల్చిన పల్చటి రేకు చాకును అంగుళం అంగుళం దూర్చి కోస్తుంటే స్ప్రూస్ పీచులు జిగురుతో పాటు లేచి వచ్చాయి. బోల్టులు బిగించిన చోట లోపలి పలక నలిగిపోయింది. బ్రిడ్జి మధ్యలో పగిలింది. విప్పడానికి ఒక పూట పట్టింది, పాడైన పైపలక పూడ్చడానికి అంతకు ఎన్నో రెట్లు పట్టింది.

కొత్త బ్రిడ్జిని ఆయన ఒక పాత రోజ్‌వుడ్ కుర్చీ చెయ్యి నుంచి చెక్కారు. మన అడవుల జిట్టేగి అది. అసలు బ్రిడ్జి బ్రెజిల్ కర్ర కదా అని అడిగాను. బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేశాక, 1969 నుంచి మార్టిన్ వాళ్ళే భారతదేశపు రోజ్‌వుడ్‌కు మారారని చెప్పారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992లో అంతర్జాతీయ ఒప్పందం కింద నిషేధించారు కూడా. మా గిటారుకు దక్కింది, ఇప్పుడు నజరెత్ కూడా నమ్ముకున్న చెట్టే.

మెడ మడమకూ పెట్టెకూ మధ్య గరుకు కాగితం ముక్క పెట్టి లాగి లాగి, మడమ కొసన ఒక మిల్లీమీటరుకు కాస్త పైగా అరగదీశారు. పైకొచ్చేసరికి ఆ అరుగుదల సున్నా. ఆ కాస్త వాలుతోనే తీగలు కిందికి దిగాయి. చీలిక కింద స్ప్రూస్ బిళ్ళలు అడ్డంగా అంటించారు. అరిగిన ఫ్రెట్లు మార్చారు. పశువు ఎముక అరగదీసి, బ్రిడ్జి మీద తీగలు ఆనే కొత్త శాడిల్ చేశారు. ప్రతి అతుకుకూ వాడింది వజ్రమే.

పైరంగు జోలికి మాత్రం వెళ్ళలేదు. మళ్ళీ పాలిష్ చేస్తే కొత్తదానిలా మెరుస్తుంది కదా అన్నాను. “మెరుస్తాది, పలకదు” అన్నారు. పాత గిటారుకు మళ్ళీ రంగు వేస్తే పలకకు మందం పెరుగుతుంది, కొనేవాళ్ళ దగ్గర విలువ బాగా పడిపోతుంది. అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969 నుంచి వాయిస్తున్న మార్టిన్‌కు పైపలకలో వాయించి వాయించి అరిగిన పెద్ద కన్నమే ఉంది. దాని మరమ్మతులు చూసే ఆస్టిన్ పనివాడు మార్క్ ఎర్లివైన్ ఆ కన్నాన్ని మూయలేదు, లోపల బలం కట్టి చెక్కను కాపాడుతూ వచ్చాడు. అరుగుదల అంతా లోపం కాదు. వాద్యం నిలబడటానికి, పలకడానికి అడ్డొచ్చేదే లోపం.

తీసుకొచ్చే రోజు ఆయన ఒక కవరు ఇచ్చారు. అందులో పగిలిన బ్రిడ్జి, పాత ఫ్రెట్లు, పాత శాడిల్, రెండు బోల్టులు ఉన్నాయి. కాగితం మీద ఏం మార్చారో, ఏం జిగురు వాడారో, ఎక్కడ రంధ్రం వేశారో రాసి ఉంది. గిటారుతోనే దాన్ని ఉంచమన్నారు. తర్వాత చేతపట్టేవాడు గుడ్డిగా కోయకుండా ఉండాలంటే ఆ కాగితం కావాలి.

ఆ గిటారు ఇప్పటికీ ఆదివారాల్లో మోగుతోంది. కవరు పెట్టెలోనే ఉంది. ఆంధ్రాలో చర్చిల్లో, హాస్టళ్ళలో, మేడమీద గదుల్లో ఇలాంటి పాత గిటార్లు ఎన్నో మూలపడి ఉన్నాయి. ఉంటే బయటికి తీయండి. వాయించని నెలల్లో తీగలు కాస్త సడలించండి. రేకుల కింద, కారు డిక్కీలో ఎండకు వదలకండి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకు మంచిది. బ్రిడ్జి లేస్తే వెంటనే తీగలు దించేయండి. అరల్‌డైట్, ఫెవిక్విక్, స్క్రూలు దగ్గరికి రానివ్వకండి. మళ్ళీ విప్పడానికి వీలుగా అతికించే పనివాణ్ణి వెతకండి. ఏం మార్చినా పాత ముక్క పారేయకండి, తేదీ వేసి రాసిపెట్టండి. మన తర్వాత దాన్ని వాయించేవాళ్ళకు మనం చేయాల్సిన పని ఇదే.