అడగకుండానే గుర్తుచేసేది

స్టోర్ రూములోకి వెళ్తాను. ఎందుకొచ్చానో గుర్తుండదు. హాల్లోకి తిరిగొచ్చి నిలబడితే అప్పుడు గుర్తొస్తుంది, పంచదార కోసమని! ఈలోగా స్టవ్ మీద పాలు పొంగిపోయి ఉంటాయి. మీకూ ఇంతేనా?

ఆమధ్య ఇలాగే జరిగితే మా అబ్బాయి నవ్వి, "నీకు రిమెంబ్రన్స్ ఏజెంట్ కావాలమ్మా" అన్నాడు. 1990ల్లో అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో బ్రాడ్లీ రోడ్స్ అనే ఆయన చేసిన సాఫ్ట్‌వేర్ అట. కంప్యూటర్ని ఒంటికి తగిలించుకుని తిరిగేవాళ్ళు. కంటి ముందు చిన్న తెర, ఒంటిచేత్తో నొక్కే కీబోర్డు. ఆ వేషంలో నేను రైతుబజారుకి వెళ్తే ఎలా ఉంటుందో తలుచుకుని కాసేపు నవ్వుకున్నాం.

నాకు నచ్చిందేమిటంటే, దాన్ని ఏమీ అడగక్కర్లేదు. మనం ఏదో రాసుకుంటుంటే, దానికి దగ్గరగా ఉన్న పాత నోట్సులూ ఉత్తరాలూ అదే వెతికి, తెర అడుగున ఒక్కో వరుసగా చూపిస్తుంది. అన్నిచోట్లా ఉండే మాటకి విలువ తక్కువ, అరుదైన మాటకి ఎక్కువ. ఎక్కడున్నాం, ఎదురుగా ఎవరున్నారు అన్నది కూడా లెక్కలోకి తీసుకోగలదట. అంటే నా వంటల పుస్తకంలో "ఉప్పు" అంటే లాభం లేదు, "కొరివికారం" అంటే ఒక్క పేజీయే రావాలి.

ఆ పేజీ నా దగ్గర లేదు. అమ్మని అడిగితే పోలా అని ఎప్పుడూ రాసుకోలేదు. పోయినేడు పండుమిరపకాయల రోజుల్లో ఫోన్ చేసి అడిగితే, "కాయలు, చింతపండు..." అని ఆగిపోయి, "నువ్వు అన్నం తిన్నావా?" అంది. ఐదు నిమిషాల్లో అదే మాట మూడుసార్లు అడిగింది. రాసి లేనిదాన్ని ఏ యంత్రం మాత్రం వెతుకుతుంది?

ఈసారి కాయలే కొనుక్కుని ఊరు వెళ్ళాను. ఏమీ అడగలేదు. పళ్ళెంలో పోసి ముందు పెట్టాను. అమ్మ ఒక కాయ తీసి చూసి, "తడి లేకుండా తుడవకుండానే తొడిమలు తీస్తావా?" అని కసిరింది. ఉప్పు ఎంతో చెప్పలేదు కానీ గుప్పిళ్ళతో తీసి వేసింది. ఆ గుప్పెడు గిన్నెలోకి పట్టి, గ్లాసుతో కొలిచి రాసుకున్నాను. మెంతిపిండి దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది.

ఆ వరుస ఖాళీగా వదిలాను. శివరాత్రికి మళ్ళీ వెళ్తున్నాను.