బోర్డు ఒకటి... పిలుపు మరొకటి!

సికింద్రాబాద్ ఎంజీ రోడ్డులో గడియారం గోపురంతో ఓ పాత పోలీస్ స్టేషన్ భవనం ఉంది. దాన్ని కొందరు జేమ్స్ స్ట్రీట్ స్టేషన్ అంటారు, కొందరు రాంగోపాల్‌పేట స్టేషన్ అంటారు. ఎంజీ రోడ్ స్టేషన్ అనేవాళ్లు మాత్రం అరుదు! వీధికి గాంధీజీ పేరు పెట్టి దశాబ్దాలైనా, దగ్గర్లోని ఎంఎంటీఎస్ స్టేషన్ ఇప్పటికీ 'జేమ్స్ స్ట్రీటే'.

ఇంతకీ ఎవరీ రాంగోపాల్? దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ అప్పట్లో పేరున్న వ్యాపారి. 1900లో ఈ భవనాన్ని కట్టించింది ఆయనే. 1897లో ప్రారంభమైన సికింద్రాబాద్ క్లాక్ టవర్‌కు గడియారం ఇచ్చిందీ ఆయనే. కవాడిగూడ వైపు డీబీఆర్ మిల్స్ అంటారు చూడండి... ఆ మూడక్షరాలూ దివాన్ బహదూర్ రాంగోపాలే! పేటకు ఆయన పేరు నిలిచింది, పేట పేరు ఠాణాకు వచ్చింది.

అసలు ఊరి పేరే ఓ పాలకుడిది. ఉల్వుల్‌గా ఉన్న చోట ఇంగ్లిషు సైన్యం దిగింది. 1806లో ఆ ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. 1945లో ఊళ్లో కొంత భాగం మళ్లీ నిజాం చేతికొచ్చి మున్సిపాలిటీ అయింది. 1950లో కార్పొరేషన్ అయింది. ఆ ముచ్చట పదేళ్లే! 1960లో హైదరాబాద్‌లో కలిపేశారు.

పేరు మారడంలో పెద్ద కథ గాంధీ ఆసుపత్రిది. 1851లో రైల్వే స్టేషన్ దగ్గర చిన్న వైద్యశాలగా మొదలైంది. తర్వాత ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి జ్ఞాపకార్థం కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ అయింది. పెద్దవాళ్లు 'కేఈఎం' అనేవారు. 1958లో గాంధీ ఆసుపత్రి అయింది. 2003లో ముషీరాబాద్‌లోని పాత జైలు స్థలానికి మారింది. బ్రిటిష్ జైళ్లలో ఏళ్ల తరబడి గడిపిన గాంధీజీ పేరుతో జైలు నేల మీద ఆసుపత్రి! ఆ ముషీరాబాద్ కూడా ఓ మనిషి పేరే. రెండో నిజాం దివాను ముషీరుల్ముల్క్ పేరు మీద వచ్చింది. ఆసుపత్రి తరలిపోయినా రైల్వే స్టేషన్ దగ్గరి చోటును జనం 'పాత గాంధీ' అనే అంటున్నారు. కేఈఎం అంటే మాత్రం ఈతరం పిల్లలకు అర్థం కాదు. ఆసుపత్రి బోర్డు మీద ఈ పాత పేర్లు కూడా ఓ రెండు వాక్యాల్లో రాస్తే ఎంత ఖర్చవుతుంది?

బేగంపేట వైపు వెళితే పైగా ప్యాలెస్. 1893 నుంచి 1901 వరకు హైదరాబాద్ సంస్థాన ప్రధానిగా ఉన్న వికారుల్ ఉమ్రా కట్టించిన మేడ ఇది. ఆయనే ఫలక్‌నుమా కట్టించి ఆరో నిజాంకు అప్పగించినాయన. ఆ నవాబు మేడలో చాలాకాలం హుడా ఆఫీసు నడిచింది. లేఅవుట్ల కోసం జనం ఫైళ్లు పట్టుకుని రాజసోపానాలు ఎక్కేవారన్నమాట! 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ ఉంది. ఫైళ్ల బదులు వీసా కాగితాలు, అంతే. ఎవరొచ్చినా పైగా పేరు మాత్రం పోలేదు.

బేగంపేటలోనే ముఖ్యమంత్రి నివాసంగా 2016లో ప్రగతి భవన్ వెలిసింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే అది మహాత్మా జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్ అయింది. ఇక్కడ పేరు మారడానికి ఏడేళ్లే పట్టింది.

టాంక్‌బండ్ దాటి హైదరాబాద్ వైపు దిగితే బూర్గుల రామకృష్ణారావు భవన్. 1952 నుంచి 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రానికి ఆయన ముఖ్యమంత్రి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కేరళకు, తర్వాత ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా వెళ్లారు. 2019లో సచివాలయం ఈ భవనంలోకే వచ్చింది. 2023 ఏప్రిల్ 30న అంబేద్కర్ పేరుతో కొత్త సచివాలయం ప్రారంభమయ్యేదాకా రాష్ట్ర పాలన ఇక్కడి నుంచే సాగింది.

ఆయన అసలు ఇంటిపేరు పుల్లంరాజు. ఊరి పేరు బూర్గులే ఇంటిపేరుగా స్థిరపడింది. ఊరి పేరు మనిషికి, మనిషి పేరు భవనానికి వచ్చాయి. ఆటో ఆపి 'బూర్గుల రామకృష్ణారావు భవన్' అని చెప్పిచూడండి, డ్రైవరు ఓ క్షణం ఆలోచిస్తాడు. 'బీఆర్‌కే' అంటే చాలు, ఎక్కమంటాడు. మీటరు వేస్తాడా లేదా అన్నది వేరే సంగతి!