మారిషస్ ద్వీపమున మా మోటారు ప్రయాణము

విదేశములకు పోయివచ్చినవారు అచ్చటి వింతలు వ్రాయుట ఆచారమైనది. మేమును 2011వ సంవత్సరము అక్టోబరు మాసమున మారిషస్ ద్వీపమునకు పోయి మూడు వారములుండి వచ్చితిమి. "ఏమి తెచ్చితిరి?" అని ఇరుగుపొరుగు వారడుగగా "ఉప్పు తెచ్చితిమి" అని చెప్పితిమి. అందరును నవ్విరి. నౌపడవారు పరదేశమునుండి ఉప్పు తెచ్చుకొనుట నవ్వదగిన మాటయే. ఆ ఉప్పు కథ చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది శ్రీకాకుళము జిల్లా నౌపడ. హౌరా మద్రాసు రైలుమార్గమున పోవువారు కిటికీలోనుండి తెల్లని ఉప్పురాసులు చూచి "ఇది యే యూరు?" అని యడుగుదురే, ఆ యూరే. పర్లాకిమిడికి పోవు చిన్నరైలు 1900వ సంవత్సరమున మా స్టేషనునుండియే బయలుదేరినది. మా పెద్దలు మాది గంజాం జిల్లా యని చెప్పుకొనెడివారు. 1936లో ఒరిస్సా వేరైనపుడు విశాఖపట్టణము జిల్లాలో పడితిమి, 1950లో శ్రీకాకుళము జిల్లాలో పడితిమి. ఊరు కదలలేదు, జిల్లాలే మారినవి.

మా కుమారునకు ఆ ద్వీపమున ఎబేన్ అను పట్టణములో కంప్యూటరు కొలువు దొరికి అప్పటికి రెండేండ్లయినది. అతడు రమ్మని పిలిచినపుడు మేమును మా వారును బయలుదేరుట వింత గాదు. డెబ్బదియెనిమిదేండ్ల మా యత్తగారు "నేనును వత్తును" అనుటయే వింత. కాశికి రమ్మన్నను మోకాళ్ల నొప్పులు చెప్పి తప్పించుకొన్న మనిషి. విమాన మనినపుడు భయపడునేమో యనుకొంటిమి. ఆమె మాత్రము వారము ముందుగనే మూట కట్టుకొని కూర్చుండెను. కారణ మడిగిన "మనుమని చూడవలదా?" అనెను. అదియే నిజమనుకొంటిమి.

ఆ దినమున తెల్లవారగనే పులిహోర పొట్లములు, నీళ్లసీసాలు సర్దుకొని కారెక్కితిమి. కారు నడపినది మా కోడలు. అచ్చటను మన దేశమందువలె రోడ్డునకు ఎడమవైపుననే బండ్లు పోవును గనుక ఆమెకు కష్టము లేదు. మా యత్తగారు మొదటి మలుపుదాక కోడలి భుజము వదలలేదు. పిమ్మట "మగవాళ్లకంటె నిదానము" అని మెచ్చుకొని ఒత్తిగిలి కూర్చుండెను. ద్వీపమంతయు పొడవున 65 కిలోమీటర్లు మించదు. నౌపడనుండి శ్రీకాకుళము పోయినంత దూరములో దేశము ముగిసిపోవును! అందుచేతనే కాబోలు, అచ్చటివారు దేనికిని తొందరపడరు.

ఎటు చూచినను చెరకు. కొన్ని తోటలు కోతకు వచ్చియున్నవి, కొన్ని కోసివేసినవి. కోసిన చేలలో నడుమ నడుమ నల్లరాళ్ల గుట్టలు, గోపురములవలె పేర్చినవి, కనబడెను. అవి దేవాలయములా యని మా వారడిగిరి. మా కుమారుడు చెప్పెను: ఈ నేల అగ్నిపర్వతములు కక్కిన రాళ్లతో నిండియుండెడిది, చెరకు నాటుటకు ఆ రాళ్లన్నియు ఏరి, మోసి, ఒకచోట గుట్టవేసిరి.

"ఎవులు మోసినార్రా ఇవన్నీ?" అని మా యత్తగా రడిగెను.

"మన దేశమునుండి వచ్చిన కూలీలే, నాయనమ్మా."

ఆమె అద్దమునకు ముఖమానించి, ఆ గుట్ట వెనుకపడువరకు చూచెను.

ఆ కూలీల సంగతి కొంత చెప్పవలెను. ఇంగ్లీషువారి యేలుబడిలోని ఈ ద్వీపమున బానిసతనము 1835లో తీసివేయబడెను. చెరకుతోటల దొరలకు పనివారు కావలసివచ్చిరి. 1834 మొదలు 1920 వరకు సుమారు 4,50,000 మంది మన దేశస్థులు ఒడంబడికపై చేవ్రాలు వేసియో, వేలిముద్ర వేసియో, ఓడలెక్కి ఇచ్చటికి వచ్చిరి. అందు మన గంజాం, విశాఖపట్టణము, గోదావరి సీమల తెలుగువారును గలరు. వారు దిగిన ఘట్టము పోర్టులూయిస్ రేవులో నేటికిని గలదు. 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా నెంచబడెను. వారి మునిమనుమలకు నేడు ఉగాది సెలవుదినము. రామభజనము చేయుదురు, సింహాద్రి అప్పన్నను కొలుతురు. అప్పన్న పేరు వినగానే మా యత్తగారికి దేశము పరదేశ మనిపించలేదు.

మా కుమారుని కచేరీలో రామన్నగా రొకరు, అప్పడుగా రొకరు గలరట. అవి వారి పేర్లు గావు, ఇంటిపేర్లు. మొదట ఓడ దిగిన తాతపేరు దొరలు పుస్తకములో నెక్కింపగా నదియే వంశమున కంతకు ఇంటిపేరై నిలిచినది. ఇది విని మేము ముచ్చటపడుచుండగా మా యత్తగారు "మరి ఆడవాళ్ల పేర్లో?" అనెను. దానికి కారులో నెవరును బదులు చెప్పలేదు. మా వారు పులిహోర పొట్లము విప్పుమనిరి.

గంగా తలావ్ అను కొలను అగ్నిపర్వతపు నోటిలో నిండిన నీరు. ఒడ్డున 33 మీటర్ల యెత్తు శివవిగ్రహము గలదు. శివరాత్రికి జనులు దూరదూరమునుండి కాలినడకన వత్తురట. అచ్చట నీళ్లు నెత్తిన చల్లుకొని, కొండదారి పట్టితిమి. నల్లనది లోయ చూచుటకు దిగిన చోట మంచు క్రమ్మి, తొలగి, పచ్చని అడవియు, దాని నడుమ వెండితీగవంటి జలపాతమును, దూరమున సముద్రమును ఒక్కసారిగా కనబడినవి. మా మనుమడు చప్పట్లు కొట్టెను. మా యత్తగారు మాత్రము "మా మహేంద్రగిరి ముందు ఇవి పుట్టలు" అని తేల్చివేసెను. ఆ మాట అబద్ధము గాదు. ఈ ద్వీపమున నెత్తయిన శిఖరము 828 మీటర్లే. మహేంద్రగిరి 1,501 మీటర్లు.

షమరేల్ అనుచోట ఏడురంగుల నేల గలదు. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు రంగుల మట్టి చిన్నచిన్న తిన్నెలుగా నున్నది. లావారాయి యుగములకొలది క్రుళ్లి మన్నైనప్పుడు అందలి లోహములవలన నా రంగులు వచ్చినవట. చుట్టును కంచె కట్టియున్నారు, దూరమునుండియే చూడవలెను. అరగంట చూచినపిమ్మట ముగ్గులరంగుల దుకాణము జ్ఞప్తికి వచ్చెనని చెప్పిన మమ్ము మొరటువారనుకొందురేమో!

అచ్చటినుండి దారి మలుపులు తిరుగుచు సముద్రమునకు దిగును. ఎడమవైపున సముద్రములోనికి పొడుచుకొని వచ్చిన మోర్న్ కొండ కనబడెను. పారిపోయిన బానిసలు ఆ కొండమీద దాగెడివారట. కోడలు కారు కుడికి త్రిప్పి ఉత్తరముగా తీరము వెంబడి నడపెను. ఎండ తీక్ష్ణమయ్యెను, పిల్లవాడు నిద్రపోయెను, మేమును కునుకుచుంటిమి. ఇంతలో మా యత్తగారు "ఆపు, ఆపు!" అని కేకవేసెను.

చక్రము క్రింద నేదైన పడెనేమోయని హడలిపోతిమి. చూతుము గదా, రోడ్డుప్రక్క ఉప్పుమళ్లు! తామరిన్ అను నా గ్రామమున నల్లరాతితో కట్టిన చదరపు గుండములు మెట్లుమెట్లుగా నున్నవి. సముద్రపు నీరు ఒకదానినుండి వేరొకదానికి పారుచు ఎండకు చిక్కబడి, కడపటి గుండములో తెల్లగా గడ్డకట్టుచున్నది. వెనుక రంపారు కొండ, నడుమ అద్దములవంటి మళ్లు, వానిలో మేఘములు. ఉదయమునుండి చూచిన సౌందర్యమంతయు నొక యెత్తు, ఇది యొక యెత్తు. లేక, మా కన్నులకే యట్లు తోచెనో.

అక్టోబరులో మా నౌపడ మళ్లు వాననీటిలో మునిగియుండును. ఎప్పుడు తుపాను వచ్చునో తెలియదు. ఇచ్చట ఎండకాలము మొదలగుచున్నది. పెద్ద టోపీలు, రబ్బరు బూట్లు ధరించిన నలుగురు స్త్రీలు ఉప్పు గీచి బుట్టల కెత్తి, నెత్తిన పెట్టుకొని రాతి కొఠారునకు మోయుచుండిరి. మా యత్తగారు చెప్పులు విడిచి, మోకాళ్ల నొప్పి మరచి, గట్టుమీద నడచిపోయెను. ఒక పలుకు నోట వేసికొని చప్పరించెను. "చేదు తగులుతోంది. మడి ఇంకా పక్వానికి రాలేదు" అని తీర్పు చెప్పెను. ఆ స్త్రీలలో నొకతె, వయసు ఏబదికి మించినది, నవ్వుచు తమ క్రెయోలు భాషలో నేమో పలికెను. మా యత్తగారు తెలుగున బదులు చెప్పెను. మట్టిమళ్లను పాదములతో త్రొక్కి గట్టిపరచుట ఆమె అభినయించి చూపగా, ఆ స్త్రీ తమ రాతిగుండమును చేతితో తట్టి, త్రొక్కు పని లేదని తల యూపెను. ఇద్దరకును సర్వము బోధపడినట్లే యుండెను. పోవునపుడు ఆ స్త్రీ రెండు దోసిళ్ల ఉప్పు మా యత్తగారి కొంగులో పోసెను.

తిరిగివచ్చి గోడమీద కూర్చుండి, కొంగు ముడివేసికొనుచు మా యత్తగారు ఇట్లనెను:

"మా నాయనమ్మకు మేనత్త ఉండేదమ్మీ. ఉప్పు మోసేది. మొగుడు పోయినాక ఇంట్లో నిలవలేక ఓడెక్కి మోరీసు పోయిందట. మరి రాలేదు. ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తితే మూతిమీద కొట్టేవారు. ఇదే మోరీసని అబ్బాయి చెప్పినాడు. అందుకే వచ్చినాను."

ముప్పదిరెండేండ్లు ఆమెతో నొక యింట కాపురము చేసితిమి. ఈ సంగతి యెన్నడును వినలేదు. మా వారు ఉపాధ్యాయులుగా నుండి విశ్రాంతి గైకొన్నవారు. వారి ముఖము చిన్నబోయెను. "మా మాతామహులు ఉప్పు కొఠారులో గుమాస్తాలు గదా, కూలీ లెక్కడివారు?" అనిరి. "గుమాస్తా మా నాన్న. వాళ్ల ముందువాళ్లు ఏటనుకున్నావు?" అని యామె యడిగెను. మేమును తప్పుచేసినవారమే. మా కుమార్తె పెండ్లిమాటలలో "వారిది ఆదినుండియు ఉద్యోగస్థుల కుటుంబము" అని మేమే గొప్పగా చెప్పియుంటిమి.

దారిలో చూడవలసిన యింకొక సముద్రతీరము మానివేసి ఇల్లు చేరితిమి. ఆ రాత్రి మా వారు భోజనము సరిగా చేయలేదు. ఇంత కాలమునకు పాత సంగతులు త్రవ్వుట యెందుకని యొకసారి యనిరి. తెల్లవారినపిమ్మట వారే చొక్కా తొడిగికొని "అమ్మను తీసికొని మోకా పోదము" అనిరి.

మోకాలో మహాత్మాగాంధీ సంస్థ గలదు. 1970లో స్థాపింపబడినది. నాటి కూలీల చిట్టాలన్నియు నచ్చట భద్రపరచిరి: సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, గ్రామము, ఓడ. కొంతకాలము గడచినపిమ్మట వచ్చినవారికి ఛాయాచిత్రములు కూడ తీసిరి. తమ పూర్వుల జాడ తెలిసికొన వచ్చువారికి వెదకి చెప్పుదురు. అచ్చటి యుద్యోగిని చిన్నది, మిక్కిలి మర్యాదగల పిల్ల. మమ్ము కూర్చుండబెట్టి కలము తీసి "ఆమె పేరేమి?" అని యడిగెను.

మా యత్తగారు నోరు తెరచి, మూసికొనెను. మా వారి వంక చూచెను. ఆయన కేమి తెలియును? "ఓడ పేరు? వచ్చిన సంవత్సరము?" ఏదియు లేదు. "నౌపడ. ఉప్పు మోసే మనిషి" అని మాత్రము మా యత్తగారు చెప్పెను; కుమారుడు దానిని ఇంగ్లీషులో చెప్పెను. ఆ పిల్ల "నౌపడ" యని కాగితముపై వ్రాసికొని, నాలుగున్నర లక్షల మందిలో పేరు లేనిదే వెదకుట సాధ్యము గాదని మెల్లగా తెలిపెను.

గోడనున్న పాత ఛాయాచిత్రములను చూచుచు మా యత్తగారు చాలసేపు నిలిచెను. ఒక స్త్రీకి ముక్కున రెండువైపులను పుడకలుండెను. "ఇది మన వైపు మనిషే" అనెను. అంతకుమించి యేమియు ననలేదు.

ఇల్లు చేరిన పిమ్మట ఆమె పుట్టింటి వైపు ముసలివారికి కబురు పంపి ఆ పేరు అడిగించెను. ఒకరు నూకాలమ్మ యనిరి, ఒకరు పైడమ్మ యనిరి. ఆ రెండును మా సీమలో ఇంటింట నుండు పేర్లే. మా వారు తమ మాతామహుల వంశవృక్షము వ్రాసి, అందొక గడిలో పేరు లేకయే "మోరీసు పోయినది" అని చేర్చిరి.

మా యత్తగారు 2015లో కాలము చేసెను. తామరిన్ ఉప్పు ఆవకాయలో వేయుదునని మే మొకసారి యనినపుడు ఒప్పుకొనక, గాజుసీసాలో పోసి దేవుని పీటప్రక్కన పెట్టియుండెను. వానకాలము వచ్చునప్పటికి అది చెమ్మగిల్లి నీరగును. ఎండలు ముదిరినపిమ్మట పళ్లెములో పోసి డాబామీద ఆరబెట్టుచున్నాము.