పాట అడిగితే కబురొచ్చింది!

టీవీ బాగానే ఉంది. నెట్ వస్తోంది. రిమోట్‌లో బ్యాటరీలూ కొత్తవే. యూట్యూబ్ నొక్కితే మాత్రం అడిగిన పాటకు బదులు ‘ఈ పరికరంలో ఇక రాదు’ అన్న కబురు! 2015 ఏప్రిల్‌లో, 2012కు ముందు కొన్న కొన్ని సోనీ, పానసోనిక్ టీవీలున్న ఇళ్లలో ఇదే తంతు. మెకానిక్ వచ్చినా ఏం చేస్తాడు పాపం!

టీవీలోని యాప్‌కీ ఎక్కడో ఉన్న సర్వర్‌కీ మధ్య ఓ ఒప్పందం ఉంటుంది. ఫలానా తీరులో అడిగితే ఫలానా తీరులో ఇస్తానని. అదే ఏపీఐ. యూట్యూబ్ అందులో రెండో వెర్షన్‌ను మూసేసి, మూడోదే ఉంచింది. ఏడాది ముందే, 2014 మార్చిలో చెప్పింది కూడా. కానీ ఆ మాట చేరింది ప్రోగ్రామర్లకు. సోఫాలో కూర్చున్న తాతయ్యకు కాదు.

ఐఓఎస్ 7కు మారగలిగిన ఐఫోన్లు గట్టెక్కాయి. ఐఓఎస్ 6 దగ్గరే ఆగిపోయిన 3జీఎస్‌కు బ్రౌజరే దిక్కయింది. పాత వెర్షన్‌ను ఎల్లకాలం నడపడం కంపెనీకి భారమే, కాదనలేం. అయితే వాయిదాల మీద కొన్న టీవీ అంటే మన ఇళ్లలో పదేళ్ల లెక్క కదా!

టీవీ మార్చలేని వాళ్లకు అప్పట్లో ఉన్న మరో దారి, వెనక గుచ్చుకునే క్రోమ్‌కాస్ట్. 2013లో వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 35 డాలర్లు. తయారుచేసింది యూట్యూబ్ యజమాని గూగులే.