ఒక్క కిడ్నీ చాలు

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

నాగమణీ,

నీ ఉత్తరం అందింది. అనాటమీ పేర్లు రాత్రి కంఠతా పట్టినా తెల్లారేసరికి ఒక్కటీ నిలవట్లేదనీ, పైగా ఫిజియాలజీ ఇంకో బరువుగా మీద పడిందనీ రాశావు. రెండిటినీ విడివిడిగా చదివితే ఎవరికైనా అంతేనే. డయాలసిస్ వార్డులో పనిచేసేదాన్ని కదా, ఒక్క కిడ్నీని తీసుకుని చెప్తాను.

ముందు అది ఎక్కడుందో చూడు. కడుపు వెనకాల, వెన్నెముకకి అటొకటి, ఇటొకటి. ఒక్కోటీ పిడికిలంత, సుమారు 150 గ్రాములు. కుడివైపు పైన లివరుంది కనక ఆ కిడ్నీ కాస్త కిందికి ఉంటుంది. గుండె పంపే రక్తంలో ఐదో వంతు ఈ రెండిటికే వెళ్తుంది. బతకడానికి వాటికి అంత అక్కర్లేదు. అదంతా వడగట్టడానికి.

ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల ఉండ, దాని చుట్టూ బౌమన్ క్యాప్సూల్. ఉండలోకి వచ్చే నాళం కంటే బయటికి పోయేది ఇరుకు. పుస్తకంలో ఒక్క లైనే ఉంటుంది, దాటేసి పోకు. ఆ ఇరుకు వల్లే లోపల ఒత్తిడి నిలుస్తుంది. ఆ ఒత్తిడికే నీళ్లు, ఉప్పు, చక్కెర, యూరియా క్యాప్సూల్‌లోకి దిగుతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు ఆగిపోతాయి. మరి బీపీ పడిపోయిన పేషెంటుకి యూరిన్ ఎందుకు తగ్గుతుందో వేరే చదవాలా? గంటగంటకీ యూరోబ్యాగ్ చూసి చార్టులో రాయమనేది అందుకే. పెద్దవాళ్లలో కిలో బరువుకి గంటకి అర మిల్లీలీటరు కన్నా తగ్గితే వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పాలి.

ఇలా వడపోతలో దిగేది రోజుకి సుమారు 180 లీటర్లు. మనం బయటికి పోసేది లీటరున్నర. తక్కినదంతా ట్యూబ్యూల్స్ వెనక్కి తీసుకుంటాయి. చక్కెర మొత్తం మొదటి మెలికలోనే రక్తానికి తిరిగి చేరుతుంది. రక్తంలో షుగరు సుమారు 180 దాటితే వాటికి శక్తి చాలదు. మిగిలిన చక్కెర మూత్రంలోకి జారుతుంది, వెంట నీళ్లనీ లాక్కుపోతుంది. షుగర్ పేషెంట్లు రాత్రుళ్లు మాటిమాటికీ లేచేది, దాహం దాహం అనేది అందుకే.

ఆకారం తెలిసినంత మాత్రాన పని తెలియదులే. బౌమన్ ఈ క్యాప్సూల్‌ని మైక్రోస్కోపులో చూసి 1842లో వివరించాడు. అక్కడ నీళ్లు మాత్రమే వస్తాయని, మిగతావి ట్యూబ్యూల్స్ ఊరుస్తాయని అనుకున్నాడు. 1924లో వెర్న్, రిచర్డ్స్ అనే ఇద్దరు కప్ప కిడ్నీలో ఆ క్యాప్సూల్‌లోకే సన్నని గాజు గొట్టం దించి ద్రవం తీశారు. అందులో చక్కెర ఉంది, ప్రోటీన్ లేదు. వడపోత జరిగేది అక్కడేనని అప్పుడు తేలింది.

మా వార్డుకి ఉద్దానం ప్రాంతం నుంచి కిడ్నీ జబ్బుతో చాలామంది వస్తారు. కొబ్బరి, జీడితోటల్లో ఎండలో పనిచేసినవాళ్లు. ఆ జబ్బుకి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. చాలామందిలో దెబ్బ గ్లోమెరులస్ మీద కంటే ట్యూబ్యూల్స్ మీద, వాటి చుట్టూ ఉన్న కణజాలం మీద ఎక్కువ. అందుకని ప్రోటీన్ పెద్దగా పోదు, ఒళ్లు వాయదు, మనిషి ఆసుపత్రి మొహం చూడడు. క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికే సగం పని పోయి ఉంటుంది. పైగా ఎముక మజ్జకి రక్తం తయారుచేయమని చెప్పే ఎరిత్రోపొయెటిన్ వచ్చేది ప్రధానంగా కిడ్నీ నుంచే. డయాలసిస్‌కి వచ్చేవాళ్లు పాలిపోయి ఉండటం, వాళ్లకి ఆ ఇంజెక్షన్ చేయడం ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

జబ్బు లక్షణాలు కనిపించినప్పుడల్లా, దెబ్బ ఎక్కడ తగిలి ఉంటుందని వెనక్కి వెతుకు. ఆ చోటు దొరికితే దాని పేరు ఇక పోదు. ఊపిరితిత్తుల పాఠం కూడా ఇలాగే చదివి, ఆల్వియోలస్ గోడ అంత పల్చగా ఎందుకుందో, అది నీళ్లతో నిండితే ఏమవుతుందో నీ మాటల్లో రాసి పంపు. పుస్తకంలోది ఎక్కించి పంపావో, ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతాను.

నీ
రమ