కెమెరా మీ చేతికిస్తే...

సినిమా సెట్టు ఎప్పుడైనా దగ్గర్నించి చూశారా? ముందునించి రాజమహలు, వెనక్కి వెళ్తే కర్రలూ, ప్లయివుడ్డు ముక్కలూను! తప్పేం లేదు లెండి. "మాయాబజార్" (1957)కి గోఖలే, కళాధర్ గార్లు వేసిన సెట్లని మార్కస్ బార్ట్లే కెమెరా ఎక్కడినించి చూపిస్తే మనం అక్కడినించే చూశాం.

వీడియో గేములో ఆ సదుపాయం లేదండోయ్! అక్కడ కెమెరా ఆడేవాడి చేతిలో ఉంటుంది. వాడు మహలు చుట్టూ తిరుగుతాడు, బల్లకింద దూరతాడు. అంచేత ప్రతి వస్తువునీ నాలుగువైపులా తయారుచెయ్యాలి.

పత్రికలకి వ్యాసాలు రాసుకునే బి.ఏ. వాడికి ముప్ఫై నాలుగో ఏట ఈ విద్య ఎందుకయ్యా అంటారా? మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు మా ఊరి థియేటర్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. ఆ థియేటరు ఇప్పుడు లేదు. ప్రొజెక్టర్లు పాత ఇనుప సామాన్ల కొట్టుకి పోయాయి. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. ఆ కేబిన్ని గేములో కట్టి, ఆయన్ని మళ్లీ అందులో నడిపించాలని నా కోరిక.

"బ్లెండర్" అనే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. పైసా ఖర్చు లేదు. తెరవగానే ఒక ఘనం కనిపిస్తుంది. ఎనిమిది మూలలు, ఆరు ముఖాలు. గేము లెక్కలో పన్నెండు త్రిభుజాలు. దాన్నే లాగి, కోసి, వంచి ప్రొజెక్టరు చెయ్యాలి! త్రిభుజాలు పెరిగేకొద్దీ కంప్యూటరుకి భారం. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు చాలు; గేము 60 ఫ్రేములు అప్పటికప్పుడు గీసుకోవాలి మరి. అందుకే చిన్న చిన్న స్క్రూలని చెక్కరు. "నార్మల్ మ్యాప్" అనే బొమ్మతో వెలుగునీడల్ని మాయచేసి, ఉబ్బెత్తుగా ఉన్నట్టు భ్రమింపజేస్తారు. పరదా మీద స్తంభాలు గీసినట్టన్నమాట!

ఆకారం అయ్యాక పైపూత. అట్టపెట్టె అంచులు కోసి నేలమీద పరిచినట్టు వస్తువుని విప్పి, ఆ పరుపు మీద రంగులు వెయ్యాలి. దీన్నే టెక్స్చర్ అంటారు. ఎక్కడ మెరవాలో, ఎక్కడ మసకబారాలో చెప్పే బొమ్మ వేరే ఉంటుంది.

అవి వేసేముందు నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"తలుపు పిడి దగ్గర రంగు ఉంచకురా. కార్బన్లు మార్చటానికి రోజంతా ఆ తలుపే తీసేవాణ్ణి" అన్నారు. "పొగగొట్టానికి మసి పట్టించు. కిటికీ పక్కన గోడకి నూనె మరక పెట్టు."

"నూనె మరకేంటి నాన్నా?"

"2000 అడుగుల రీలు 22 నిమిషాలు. అది అయ్యేలోపు తెర మూల చుక్క పడుతుంది. చుక్క పడగానే రెండో ప్రొజెక్టరు అందుకోవాలి. దానికోసం గోడకి తల ఆనించి చూసేవాణ్ణిరా, ముప్ఫై ఏళ్లూ!"

ఏ పాఠంలోనూ ఈ సంగతి లేదు. టెక్స్చర్ అంటే రంగు కాదు, ఆ వస్తువుతో ఎవరు బతికారన్న లెక్క!

మరక వేశాను. గేము నడిపించగానే నాన్న నేరుగా ఆ కిటికీ దగ్గరికే వెళ్లారు. అవతల అంతా చీకటి.

"హాలేదిరా?"

"వచ్చే నెల కడతాను నాన్నా."

"నేల క్లాసు ముందు కట్టు. ఈలలు అక్కడినించే వచ్చేవి!"

మీక్కూడా సరదా పుట్టిందా? ముందు మీ ఇంటి బిందెతో మొదలెట్టండి. సగం అంచు గీసి గుండ్రంగా తిప్పితే ఆకారం వచ్చేస్తుంది. ఇక సొట్టలు ఎక్కడ పడ్డాయో, ఎందుకు పడ్డాయో... అది మీ అమ్మగారినే అడగాలి సుమా!