అరకు దారిలో అరిగిన గొలుసు

విశాఖపట్నంలో నివసించేవారికి అరకు లోయ పొరుగూరి వంటిది. నగరానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల నడుమ ఒదిగిన ఆ లోయను ఒక్కసారైనా చూడని కుటుంబం మన టౌన్‌షిప్‌లో అరుదు. రైలులో వెళ్ళినవారు సొరంగాల గురించి చెబుతారు. బస్సులో వెళ్ళినవారు మలుపుల గురించి చెబుతారు. మేము గత కార్తిక మాసంలో మోటారు సైకిలుపై వెళ్ళాము గనుక, ఒక గొలుసు గురించి చెప్పవలసి వస్తున్నది.

తెల్లవారుజామున అయిదు గంటలకు మేమిద్దరం, అంటే ఈ వ్యాస రచయిత, అతని శ్రీమతి, పులిహోర డబ్బా, రెండు దుప్పట్లు సంచిలో సర్దుకొని బయలుదేరాము. పెందుర్తి, కొత్తవలస దాటేసరికి తూరుపు ఎర్రబడింది. దారికి ఇరువైపులా పండిన వరిచేలు, గట్లపై తాటిచెట్లు, వాటి వెనుక మంచులో సగం మునిగిన కొండలు. శృంగవరపుకోటలో వేడి ఇడ్లీలు తిని, కాఫీ తాగి, కొండదారి పట్టాము.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. బండి వెనుక చక్రం వద్ద చాలా రోజులుగా కరకరమనే చప్పుడు వినిపిస్తూనే ఉన్నది. మూడు నెలల క్రితమే మా వీధి మెకానిక్ చైను సెట్ మార్చమన్నాడు. ఆ నెల పిల్లల ఫీజులు, పై నెల పండుగ ఖర్చులు. “ఇప్పటికి బిగించి ఇవ్వు, చాలు” అని మేమే అన్నాము. అతడు అయిష్టంగానే బిగించి ఇచ్చాడు. మా బండికి గొలుసును పూర్తిగా కప్పి ఉంచే రేకు కవరు ఉన్నది. దుమ్ము పడకుండా కాపాడే ఆ కవరే లోపలి అరుగుదలను మా కంటపడకుండా కూడా కాపాడింది.

టైడా దాటిన తరువాత దారి నిటారుగా లేచింది. వెదురు పొదల మీదుగా చల్లగాలి వీస్తున్నది. రెండో గేరులో మలుపు ఎక్కుతుండగా కింద టక్కుమన్న శబ్దం వచ్చింది. గతుకేమో అనుకున్నాము. మరుసటి మలుపులో ఆ శబ్దం వరుసగా నాలుగైదుసార్లు వినిపించింది. అంతలోనే వెనుక చక్రం బిగుసుకుపోయింది. బండి పక్కకు జారి మమ్మల్ని రోడ్డుపై పడవేసింది. వెనుక వస్తున్న లారీ డ్రైవరు మాకు పది అడుగుల దూరంలో బ్రేకు వేసి ఆపాడు. అవతలి అంచున రోడ్డు గోడ, ఆ గోడకు ఆవల లోయ.

దెబ్బలు పెద్దవి కావు. మాకు అరచేయి గీసుకుపోయింది, మా శ్రీమతికి మోకాలు దోక్కుపోయింది. ఆమె లేచి, చీరకు అంటిన దుమ్ము దులుపుకొని, ఒక్క మాట మాత్రం అన్నది. “ఫ్యాక్టరీలో గొలుసులన్నీ మీరే చూస్తారు కదండీ. మనం ఎక్కి తిరిగే బండి గొలుసు ఎవరు చూడాలి?”

మా ఉద్యోగం నిర్వహణ విభాగంలో. ప్రతి షిఫ్టులోనూ కన్వేయర్ గొలుసులను పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టేవాళ్ళం. ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయింది.

లారీ క్లీనరు సాయంతో బండిని పక్కకు చేర్చాము. కాసేపటికి ఖాళీగా దిగువకు వస్తున్న వ్యానొకటి ఆగి, బండితో సహా మమ్మల్ని మళ్ళీ శృంగవరపుకోటకు చేర్చింది. అక్కడ బజారు చివర రేకుల షెడ్డులో పనిచేస్తున్న ఒక పెద్దవయసు మేస్త్రి చైను కవరు విప్పి చూశాడు. తప్పుకొని ఇరుక్కున్న గొలుసును ఇనుప కడ్డీతో వెలికితీసి, వెనుక పళ్ళచక్రంపై కూర్చోబెట్టి, చక్రం వెనుక అంచున గొలుసును వేళ్ళతో పట్టి లాగాడు. గొలుసు పంటి మీద నుంచి సగానికి పైగా పైకి లేచింది.

“సూడండి బాబూ, ఇలా లేసిందంటే దీని పని అయిపోనాదన్నమాట. బిగించడానికింక సోటు లేదు. మరలు సివరికొచ్చేసాయి.”

గొలుసు సాగింది అంటాము గాని, నిజానికి అందులోని ఇనుప రేకులు సాగవు. ప్రతి కీలులోనూ ఉన్న పిన్ను, దాని చుట్టూ ఉన్న బుష్షు ఒకదానినొకటి ఒరుసుకొని అరుగుతాయి. ఒక్కొక్క కీలు వద్ద మిల్లీమీటరులో అయిదో వంతు అరిగినా, 110 లింకుల గొలుసు మొత్తం మీద 22 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అప్పుడది పళ్ళ మధ్య ఒదగక, పళ్ళ కొసలపైకి ఎక్కుతుంది. పళ్ళు కూడా అరిగి కొక్కేల వలె వంగుతాయి. మా బండి ముందు చక్రపు పళ్ళు అచ్చంగా అలాగే ఉన్నవి.

“గొలుసొక్కటే మారిస్తే చాలదా, మేస్త్రిగారూ?” అని అడిగాము. ఆయన నవ్వాడు. “పాత పళ్ళ మీద కొత్త గొలుసేస్తే అదీ తొందరగా పాడైపోద్ది బాబూ. మూడూ ఒక్కపాలే మార్సాలి.”

రెండు పళ్ళచక్రాలను మార్చిన తరువాత, కొత్త గొలుసు లాకును వేసేటప్పుడు దాని మూసిన కొన గొలుసు నడిచే దిక్కుకు ఉండేట్లు అమర్చాడు. తెరిచిన కొన ముందుంటే ఏదైనా తగిలినప్పుడు లాకు ఊడిపోతుందట. పిదప చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, గొలుసు అన్నిటికంటె బిగువుగా ఉన్న చోట ఆపి, కింది వరుస మధ్య భాగాన్ని వేలితో పైకీ కిందికీ కదిలించాడు. ఆ కదలిక మా బండికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎక్కువైతే గొలుసు పళ్ళు తప్పుతుంది. తక్కువైతే, మనుషులు కూర్చోగానే మరింత బిగుసుకొని బేరింగులను తినివేస్తుంది. ఇరువైపుల మరలను గుర్తులు చూసుకొంటూ సమానంగా తిప్పి, ఇరుసు నట్టు బిగించి, చివరకు వెనుక బ్రేకును కూడా సరిచేశాడు. చక్రం జరిగినప్పుడు బ్రేకు బిగువు కూడా మారుతుందన్న సంగతి మేము ఏనాడూ ఆలోచించలేదు.

రెండు గంటలు పట్టింది. “ఇంటికి పోదామా?” అని మేము సంకోచిస్తూ అడిగాము. “బండి బాగైంది కదా, పైకే పోదాం” అన్నది మా శ్రీమతి.

రెండవసారి అదే మలుపు వద్దకు వచ్చినప్పుడు ఇద్దరం మాట్లాడలేదు. రోడ్డుపై మా బండి గీచిన తెల్లని చార ఇంకా ఉన్నది. కరకర చప్పుడు లేదు గనుక ఈసారి అడవి వినబడింది. కాఫీ తోటల నడుమ పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లను పెనవేసుకొన్న మిరియపు తీగలు చూశాము. గాలికొండ వద్ద ఆగి పులిహోర తింటూ, వరుసలు వరుసలుగా నీలిమలో కలిసిపోతున్న కొండలను చూశాము. అరకు సమీపిస్తుండగా ఇనుప ఖనిజం నింపుకొన్న గూడ్సు రైలొకటి సాగిపోవడం కనిపించింది. బైలదిల్లా గనుల నుంచి ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960ల దశకంలో నిర్మించిన దారి అది. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. వ్యాగన్లను కలిపే కొక్కేలను చూస్తూ మా శ్రీమతి, “వాటిని ఎవరో ఒకరు రోజూ చూస్తూనే ఉండి ఉంటారు” అన్నది. ఈసారి ఆమె నవ్వుతూనే అన్నది.

పొద్దువాలే వేళకు లోయలోకి దిగాము. వలిసె చేలు పసుపు పరిచినట్లున్నవి. ఆ రంగును వర్ణించే శక్తి మాకు లేదు. చూసి రావలసిందే.

తిరిగి వచ్చిన నాటి నుంచి మా ఇంటి క్యాలెండరులో ప్రతి నెలా మొదటి ఆదివారం చుట్టూ ఒక ఎర్ర గీత ఉంటున్నది. ఆ రోజు చైను కవరుకున్న రబ్బరు మూత తీసి గొలుసు వదులు చూస్తాము, నూనె వేస్తాము. పదిహేను నిమిషాల పని. పక్కన నిలబడి అడిగేది మా శ్రీమతి. ఆమె చిన్న నోటుపుస్తకంలో సంతకం పెట్టేది మేము. ఈ సెలవులలో కొండదారి పట్టే మిత్రులు, బయలుదేరే ముందు ఆ రబ్బరు మూత ఒక్కసారి తీసి చూడవలసిందిగా మా మనవి.